నాలుగు పాళ్ళ గాలి

గాజు కిటికీకి ఇవతల బడి పిల్లలు ఒకరి భుజం మీది నుంచి ఒకరు తొంగి చూస్తున్నారు. అవతల ఓబులేసు స్టూలు మీద కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని, ఎవరు ముందు నోరు తెరుస్తారా అని నవ్వుతూ చూస్తున్నాడు. పెనుకొండ దాటాక గుట్టల మధ్య కట్టిన ఆ ప్రయోగశాలకి వారానికొక బడి వంతున పిల్లలు వచ్చేవాళ్ళు. లోపలున్న నలుగురికీ కొత్త మొహాలు చూడటం పండగలాగే ఉండేది.

"సార్, మీరు ఒంటికి పోతే అది యాడికి పోతాది?" అని ముందు వరసలో ఒకడు అడిగేశాడు. టీచరమ్మ కళ్ళెర్ర చేసింది. పిల్లలు పగలబడి నవ్వారు.

"పైపులో పోతాది. మిషన్ దాన్ని కాచి వడగడతాది. మళ్ళా మేమే తాగుతాం. పొద్దున కాఫీ కూడా దాంతోనే," అన్నాడు ఓబులేసు.

"ఛీ!" అని అందరూ మూతులు తిప్పారు.

"కుజుడి దాకా రాకెట్టు మండుతానే పోతాదా సార్?"

"ల్యా. మండేది కొన్ని నిమిషాలే. నువ్వు రాయి ఇసిరినావనుకో. చెయ్యి వదిలినాక దాన్ని తోసేదెవురు? అట్లే పోతాంటాది. మధ్యలో వెనక్కి తిప్పుకునేకి కాదు. కుజుడి దాకా పోయి, దాన్ని చుట్టుకోనే రావల్ల."

వెనక నిలబడ్డ పొడుగాటి అమ్మాయి ఫోను అందుకుంది. "మరి లోపల గాలి అయిపోతే?"

ఓబులేసు పక్కకి జరిగి గోడ చూపించాడు. నేల నుంచి కప్పు దాకా పలకలు, పలకల మీద పచ్చటి దుప్పటి పరిచినట్టు నాచు. "మనం వదిలిన చెడ్డ గాలిని ఇది తింటాది. మంచి గాలి ఇస్తాది. పైన పోతాండే నౌకలో కూడా ఇదే నాచు, ఇట్లాంటి గదే, నలుగురే మనుషులు. మేం వాళ్ళకంటే నెల ముందు తలుపేసుకున్న్యాం. దారిలో గుంత ఉంటే ముందు మా కాలే పడతాది. పడినాక వాళ్ళకి చెప్తాం, అమ్మా ఇక్కడ గుంత ఉండాది అని."

"మీకే గాలి చాలకపోతే?"

"మాకేం పాపా. తలుపు తీస్తే అయిపాయె."

ఆ పక్క గదిలో తెరల ముందు కూర్చున్న హైమవతి ఆ మాట విని చిన్నగా నవ్వుకుంది. ఆమె ఓబులేసు భార్య. గుంటూరు వైపు మనిషి. సున్నపురాయి క్వారీలో నిలిచిన నీళ్ళలో దొరికిన ఒక నాచుకి ఏళ్ళ తరబడి రకరకాల తిళ్ళు పెట్టి, ఒక గది గోడలకి అంటిస్తే నలుగురికి ఊపిరి సరిపోయేంత బలంగా తయారు చేసింది ఆవిడే. గాలి యంత్రాల ఇంజనీరుగా ఓబులేసు ఆ పనిలోనే ఆమెకి పరిచయమయ్యాడు. పెళ్ళయ్యాక కూడా ఇంట్లో మాటలన్నీ నాచు గురించే. ఆ నాచును నమ్ముకునే "అన్వేష" అనే నౌక నలుగురు మనుషులతో కుజుడి దారి పట్టి అయిదో నెల నడుస్తోంది. నౌకలో నాచును చూసుకునే కాత్యాయని పలాస అమ్మాయి, హైమ దగ్గరే చదువుకుంది.

ప్రయోగశాల వెనకే కాలనీ. ఇంట్లో అత్తగారు సుంకమ్మ ఒక్కతే ఉంటుంది. హైమ ఇల్లు చేరేసరికి సంగటి ముద్ద వేడిగా, చెనక్కాయల ఊరిబిండితో సిద్ధంగా ఉండేది.

"వాడు సరింగ తింటాండాడా మ్మే?" ఇది రోజూ మొదటి ప్రశ్న.

"తింటున్నాడత్తమ్మా. పొడులూ, గుళికలూనూ. మీ సంగటి కావాలంటున్నాడు."

"కిటికీలోంచి ఇచ్చేకి కాదా?"

"కాదత్తమ్మా. ఒక్క మెతుకు కూడా పోకూడదు."

ఆదివారం సుంకమ్మ ఉతికిన చీర కట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేది. ఫోనులో మాట్లాడటం ఆమెకి రుచించదు. గాజు మీద అరచెయ్యి పెట్టేది, అవతల నుంచి కొడుకు తన అరచెయ్యి ఆనించేవాడు. అంతే. కాసేపటికి, "చిక్కినాడు," అనుకుంటూ వెళ్ళిపోయేది.

మొదట మచ్చ చూసింది లోపలున్న డాక్టర్ పర్వీన్. మూడో వరస పలక మీద బొట్టుబిళ్ళంత గోధుమ రంగు. మర్నాటికి అది అరచేతంత అయింది. వారం తిరిగేసరికి గోడలో నాలుగో వంతు కాలిన గడ్డిలా ఉంది.

హైమ మచ్చపడిన నాచు ముక్క బయటికి తెప్పించుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నాచు కణాలు ఒక్కొక్కటీ ఉబ్బి పగిలిపోతున్నాయి. బయటి నుంచి వచ్చిన తెగులు కాదది. నాచు పుట్టినప్పటి నుంచి దాని గర్భంలోనే నిద్రపోతున్న వైరస్. మూసిన గదిలో నెలల తరబడి పేరుకున్న మనుషుల చెమట, తేమ, ఊపిరి, ఏదో దాన్ని నిద్ర లేపింది. బయట సీసాల్లో పెంచిన నాచుకి ఎన్ని చేసినా జబ్బు రాలేదు. నౌకలో ఉన్నది అదే విత్తనం. అక్కడా అదే చెమట, అదే ఊపిరి. అంటే నెల తర్వాత అక్కడా మచ్చ లేస్తుంది.

డైరెక్టర్ నీలకంఠం గారు వివరమంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నౌకలో చెడ్డ గాలిని పీల్చుకునే రసాయనపు డబ్బాలున్నాయి కదా?"

"పది రోజులకొస్తాయి సార్. కుజుడి చుట్టూ తిరుగుతూ సరుకుల నౌక ఉంది. అందులో కావలసినన్ని ఉన్నాయి. కానీ అక్కడికి చేరాలంటే ఇంకా నాలుగు నెలలు."

"ఇక్కడ వీళ్ళ తలుపు తీద్దామా?"

"తీస్తే గది చెదిరిపోతుంది. ఈ జబ్బు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు సార్. మందు వెతకాలంటే ఆ గదిలోనే వెతకాలి."

మందు దొరకలేదు. దారి మాత్రం దొరికింది, అదీ ఓబులేసుకి. లోపల ఫ్యాన్లు తుడుస్తూ తన పడక వెనక మూల చూశాడు. గాలి కదలని ఆ ఇరుకులో రెండు పలకలు మిసమిసలాడుతూ పచ్చగా ఉన్నాయి. పరికరం పెట్టి చూస్తే అక్కడ చెడ్డ గాలి నూటికి నాలుగు పాళ్ళుంది. గదిలో మిగతా చోట్ల అర పాలు.

"హైమా, ఇది చూడు," అన్నాడు ఫోనులో. గొంతులో ఆత్రం. "గాలి చెడిన చోటే నాచు బాగుండాది. వైరస్ మళ్ళా పడుకున్నట్టుండాది."

గది మొత్తం నాలుగు పాళ్ళకి తెచ్చి వారం చూశారు. కొత్త మచ్చ ఒక్కటీ లేవలేదు. పగిలిన చోట లేత పచ్చ తిరిగి పాకింది. మూడున్నరకి దించితే మళ్ళీ మచ్చ. నాలుగుకి పెంచితే మళ్ళీ పచ్చ.

నాచు బతికింది. అయితే ఆ గాలిలో మనిషి బతకాలి. ఒక పూట అయితే తలనొప్పి, ఆయాసం. నెలల తరబడి పీలిస్తే మెదడు, గుండె, మూత్రపిండాలు ఏమవుతాయో చెప్పిన పుస్తకం లేదు. అలా పీల్చి చూసినవాడు ఎవడూ లేడు మరి.

"మేం చూస్తాం," అన్నాడు ఓబులేసు. ఆ పక్కన పర్వీన్, మిగతా ఇద్దరూ నిలబడి ఉన్నారు. నలుగురూ మాట్లాడుకునే వచ్చినట్టున్నారు. "మేం ఉండేదే దానికి కదా. మాకేమన్నా అయితే నెల ముందే వాళ్ళకి తెలుస్తాది. డబ్బాలు ఎప్పుడు వాడుకోవల్లనో తెలుస్తాది. మొదట మేం పోతాం. ఆ వెనక వాళ్ళు రానీ."

హైమ అతని వెనక పచ్చబడ్డ గోడ వైపు చూసింది. నాచు తనది. నౌక ఎక్కించమని సంతకం పెట్టిందీ తనే.

ఆ సాయంత్రం కిటికీ దగ్గర ఎవరూ లేనప్పుడు ఓబులేసు ఆమెను పిలిచాడు. "ఒక మాట. రూలు ప్రకారం మాలో ఎవురు అడిగినా తలుపు తీయల్ల. అది మిగతా ముగ్గురికీ పెట్టు. నాకొద్దు. రేపు నా బుద్ధి చెడినాక నేను ఏడ్చి అడిగినా తీయాకు. ఈ రోజు చెప్పేదే నా మాట."

"అలా ఎలా ఓబులేసూ?"

"నలుగురున్నారు పైన. ఆ పిల్ల నిన్ను నమ్మి పోయింది."

"ప్రాణం మీదికొస్తే?"

"ప్రాణం పోతాంటే నీకు తెలీదా? అప్పుడు తియ్యి. ఏడ్చినందుకు మాత్రం తీయాకు."

మొదటి వారాలు తలనొప్పితో గడిచాయి. నాలుగడుగులు వేస్తే పరిగెత్తినట్టు రొప్పు. నిద్ర పట్టేది కాదు, పట్టినా ఊపిరాడనట్టు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. నెల గడిచాక నౌకలోనూ మచ్చ లేచింది. కాత్యాయని వాళ్ళు భూమి మీది నుంచి వచ్చిన మాట ప్రకారం గాలిని నాలుగుకి పెంచుకున్నారు. అక్కడి నుంచి సందేశం వచ్చింది: "ఓబులేసన్నా, తల పగిలిపోతోంది. ఇది తగ్గుతుందా?" ఓబులేసు జవాబిచ్చాడు: "రెండు వారాలకి కొంచెం తగ్గుతాదమ్మా. ఉప్పు తగ్గించి తినండి. మెల్లగా కదలండి."

ఆ జవాబు అక్కడి నలుగురికీ మందులా పనిచేసిందని తర్వాత తెలిసింది.

లోపల మాత్రం ఒక్కొక్కరే రాలిపోయారు. ఒక కుర్రవాడికి మూత్రపిండంలో రాళ్ళు లేచి నేల మీద దొర్లాడు. అతన్ని రెండు తలుపుల పక్క గదిలోంచి, లోపలి గాలి చెదరకుండా బయటికి తెచ్చారు. తర్వాత రెండోవాడు తనే అడిగి వచ్చేశాడు. పర్వీన్ చాలా రోజులు పళ్ళు బిగించి నిలబడింది. ఒకనాడు ఓబులేసు నాడి చూస్తూ నలభై దాటాక లెక్క మరిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ మరిచిపోయింది. అప్పుడు ఫోను తీసి, "మేడం, నేనిక డాక్టరుగా పనికిరాను," అని ఏడ్చింది.

ఓబులేసు ఒక్కడే మిగిలాడు. నలుగురి ఊపిరికి సరిపడా చెడ్డ గాలి సిలిండర్ల నుంచి వదిలి, గది లెక్క తప్పకుండా చూశారు. రోజూ పొద్దున తన రక్తం తనే తీసి చిన్న గొట్టంలో బయటికి పంపేవాడు. మొదట్లో చక్కగా తీసేవాడు. పోను పోను చెయ్యంతా సూది గాట్లు.

ఇంట్లో సుంకమ్మ ప్రశ్నలు మానేసింది. సంగటి చేసేది, ముందు పెట్టేది, ఎదురుగా కూర్చునేది. హైమ ముద్ద సగం తుంచి పక్కన పెట్టేసేది.

"ఆదివారం వాడు నన్ను చూసి ఎవురూ అన్నాడు," అంది ఒకరోజు.

"గాలి అలాంటిదత్తమ్మా. బయటికొస్తే తేరుకుంటాడు."

"ఎప్పుడొచ్చేది?"

"పైన నలుగురున్నారు అత్తమ్మా."

"నాకు నలుగురు లేరు మ్మే," అంది సుంకమ్మ. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అంది.

రెండో నెల నిండవస్తుండగా ఓబులేసు అడిగాడు.

తెల్లవారాక తెర మీద కనిపించాడు. కిటికీ కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. ఫోను ఎత్తడం మరిచిపోయి గాజును గోళ్ళతో గీకుతున్నాడు. హైమ పరుగెత్తి వెళ్ళి సైగ చేస్తే ఫోను తీశాడు.

"తలుపు తీయండి మేడం. నేను ఇంటికి పోవల్ల. మా అమ్మ ఒక్కతే ఉంటాది."

"ఓబులేసూ, నేను హైమని."

"మీరెవురైనా మంచోళ్ళే. తీయండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

నీలకంఠం గారు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. "హైమవతి గారూ, అడిగాడు కదా. రూలు ప్రకారం..."

"అడుగుతున్నది ఆయన కాదు సార్. ఆ గాలి." ఆమె పర్వీన్ వైపు తిరిగింది. "నాడి ఎలా ఉంది?"

బయట కోలుకుంటున్న పర్వీన్ అంకెలు చూసి చెప్పింది. "ప్రాణానికి ఇప్పటికిప్పుడు భయం లేదు మేడం. రక్తంలో పొటాషియం మెల్లగా పెరుగుతోంది. మరీ పెరిగితే గుండెకి ముప్పు, కానీ ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఇంకో వారం పదిరోజులు చూస్తే, డబ్బాలు ఎప్పుడు తెరవాలో పైవాళ్ళకి ఖాయంగా చెప్పొచ్చు."

"మీరు నిర్ణయం తీసుకోండి," అన్నారు డైరెక్టర్, ఎవరి మొహమూ చూడకుండా.

ఆ రోజంతా ఓబులేసు అడుగుతూనే ఉన్నాడు. రెండో రోజు గొంతు పోయింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. హైమ కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది, కళ్ళు తిప్పుకోకుండా. తప్పుకుంటే ఇంకా పెద్ద పాపం చేసినట్టు అనిపించింది.

ఆ మధ్యాహ్నం సుంకమ్మ వచ్చింది. ఆదివారం కాదు. చీర నలిగి ఉంది. ఎవరు చెప్పారో ఏమో. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. లోపల ఓబులేసు తల ఎత్తి ఆమెను చూసి, ఈసారి గుర్తుపట్టాడు. గొంతు రాకపోయినా నోరు "అమ్మా" అన్నట్టు తెరుచుకుంది.

సుంకమ్మ గాజు మీద చెయ్యి పెట్టలేదు. తలుపు వైపు చూసింది.

"ఆ ఎర్ర పిడి ఏంది?"

"అత్యవసరానికి."

"లాగితే తెరుచుకుంటాదా?"

"ఆఁ."

"బీగం ల్యాదా?"

"లేదత్తమ్మా. దానికి తాళం పెట్టకూడదని రూలు."

కంప్యూటర్ల దగ్గర కుర్రవాళ్ళు భోజనానికి వెళ్ళారు. పర్వీన్ రక్తం నమూనా పట్టుకుని పక్క భవనానికి వెళ్ళింది. హైమ లేచింది.

"నేను డైరెక్టరు గారిని చూసొస్తాను అత్తమ్మా. మీరు ఇక్కడే ఉండండి."

సుంకమ్మ ఆమె మొహంలోకి చూసింది.

హైమ వసారాలో నడిచింది. డైరెక్టరు గది ఎడమ వైపుంటే, ఆమె కుడి వైపు తిరిగి, నీళ్ళ కుళాయి దగ్గర ఆగింది. గ్లాసు నింపుకుంది, తాగలేదు. వెనక సైరన్ మోగింది. ఎవరెవరో పరుగెత్తుకుంటూ ఆమెను దాటి పోయారు. ఆమె గ్లాసు కింద పెట్టి, మెల్లగా, ఇంకా మెల్లగా వెనక్కి నడిచింది. వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద సుంకమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కొడుకు తల ఆమె ఒడిలో ఉంది. నాచు వాసన, మనిషి వాసన కలిసి గదంతా గుప్పుమంటోంది.

"తీసినా," అంది సుంకమ్మ. "నన్ను జైలుకి పంపిస్తారో ఏం చేస్తారో చేసుకోండి."

ఎవరూ ఎక్కడికీ పంపలేదు. రూలు ప్రకారం ఆమె చేసిన దాంట్లో తప్పు లేదని డైరెక్టర్ రాసుకున్నారు.

నౌకకి కబురు చేసింది హైమే. "గది తెరుచుకుంది. ఇక ముందుకి మా దగ్గర సమాచారం లేదు." ఆ మాట అంత దూరం పోయి, జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా ఆమె మైకు ముందు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

కాత్యాయని గొంతు రొప్పుతూ వచ్చింది. "పర్లేదు మేడం. అన్న బాగున్నాడా?"

అన్న అంత బాగా లేడు. అనంతపురంలో పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఊపిరి కుదుటపడింది, చేతుల వణుకు తగ్గింది. పాతవన్నీ జ్ఞాపకం వచ్చాయి. హైమను గుర్తుపట్టాడు, అమ్మను గుర్తుపట్టాడు, గదిలో పడిన బాధ సూది గాటుతో సహా గుర్తుంది. కొత్తవి మాత్రం నిలవడం లేదు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి జారిపోయేది. డాక్టర్లు తలలు ఊపారు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

ఇంటికొచ్చిన నాడే అడిగాడు. "తలుపు ఎవురు తీసినారు?"

"నేనే," అంది సుంకమ్మ.

అతను హైమ వైపు తిరిగాడు. "అమ్మను అక్కడ ఒక్కదాన్నే ఎందుకు వదిలిపెట్టినావు?"

హైమ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ మౌనమే జవాబని అతనికి అర్థమైంది. మొహం పక్కకి తిప్పుకున్నాడు. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి అడిగిన సంగతే మరిచిపోయాడు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. మరిచిపోయే మనిషికి అబద్ధం చెప్పడం తేలిక. హైమ చెప్పలేదు. ప్రతిసారీ అలాగే నోరు తెరిచి, మాట రాక, అతని మొహం పక్కకి తిరగడం చూసింది.

ఆ గాలిలో అన్ని రోజులు బతికి బయటపడ్డవాడు భూమి మీద అతనొక్కడే. అందుకని ప్రతి సాయంత్రం అతన్ని మైకు ముందు కూర్చోబెట్టారు. నౌక ఆ రోజు ఎన్నో రోజులో ఉందో హైమ చెప్పేది. అతను కళ్ళు మూసుకుని తన ఒంట్లో వెతుక్కున్నట్టు ఆగి, చెప్పేవాడు.

"కాత్యాయనమ్మా, రేపో ఎల్లుండో నీకు అన్నం వాసన పడదు. భయపడాకు. ముక్కు మూసుకోనైనా తిను."

"ఈ వారం ఏడుపొస్తాది. కారణం ఉండదు. ఎవురి మీదా అలగాకండి. అది గాలి ఏడిపించేది."

"గోడ మీద పేర్లు పెద్దగా రాసుకోండి. మీ పేర్లు కూడా."

చాలాసేపటికి గాని జవాబు వచ్చేది కాదు. వచ్చేసరికి తను ఏం చెప్పాడో అతను మరిచిపోయేవాడు. "ఏటన్నా, అచ్చం నువ్వు చెప్పినట్టే అవుతోంది," అని కాత్యాయని అంటుంటే, తను చెప్పిందేమిటో తెలియకపోయినా సంతోషపడేవాడు.

మూడు వారాలకి ఆ రోజు వచ్చింది. నౌక అతని చివరి రోజును చేరింది. ఆ సాయంత్రం కళ్ళు మూసుకుని ఎంతసేపు వెతుక్కున్నా అతనికేమీ దొరకలేదు. గాజు గీకడం, అమ్మ మొహం, ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు.

"ఇక్కడి దాకానే వచ్చినానమ్మా నేను," అన్నాడు మైకులో. "ఇంక ముందర ఏముండాదో నాకు తెలీదు. మీరే ముందు పోతాండారు."

జవాబు వచ్చేసరికి చీకటి పడింది. "సరే అన్నా," అంది కాత్యాయని. "అయినా రోజూ మాట్లాడు. ఏదో ఒకటి చెప్పు. మీ ఊరి ముచ్చట్లు చెప్పు."

రోజూ చెప్పాడు. పర్వీన్ మాత్రం అతని చివరి రక్తం అంకెలు ముందు పెట్టుకుని, పెరుగుతున్న ఆ గీతను ఎంత సాగదీసి చూసినా ఎక్కడ ప్రమాదమో చెప్పలేకపోయింది. డబ్బాలు ఇప్పుడే తెరిచేస్తే చివర్లో చాలవు. తెరవకపోతే ఏమో. ఆఖరుకే ఉంచుకుందామని నౌకలోని వాళ్ళు అనుకున్నారు.

సరుకుల నౌక చేరడానికి ఇంకా పదిహేడు రోజులున్నాయనగా కాత్యాయని నిద్రలోనే పోయింది. గుండె లయ తప్పి ఆగిపోయింది. తోటివాళ్ళు చూసేసరికి ఒళ్ళు చల్లబడింది. భయపడిపోయి అప్పుడే డబ్బాలు తెరిచేశారు. ముగ్గురి ఊపిరే కాబట్టి, అవి మూడు రోజులు ఎక్కువొచ్చాయి. ఆ మిగిలిన నాలుగు రోజులూ ఎలాగో ఈడ్చుకుని ముగ్గురూ సరుకుల నౌక చేరారు. చేరినట్టు కబురొచ్చిన రోజు ప్రయోగశాలలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పర్వీన్ హైమ గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "మేడం, మీకు చెప్పకుండా ఉండలేను. ఓబులేసు సార్ ఇంకో వారం లోపలుంటే ఆ గీత నిలువుగా లేవడం మనం చూసేవాళ్ళం. డబ్బాలు అప్పుడే తెరవమనేవాళ్ళం. ఆ అమ్మాయి బతికేది." కాస్త ఆగి అంది. "ఆ వారంలో సార్ పోయేవారేమో. అది కూడా నిజమే."

"తెలుసు," అంది హైమ.

ఓబులేసుకి ఆ రోజే చెప్పారు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. లేచి, ఒంటికి పట్టిన రోజువారీ అలవాటు కొద్దీ మొహం కడుక్కుని, తల దువ్వుకుని, "టైమైంది కదా, కాత్యాయని ఎదురుచూస్తాంటాది," అంటూ చెప్పులు వేసుకున్నాడు. హైమ అతని వెంట వెళ్ళి, మైకు ముందు కూర్చున్నాక చెప్పింది. అతను అప్పుడే విన్నట్టు విన్నాడు. అప్పుడే విన్నాడు మరి.

అది రోజూ జరిగింది. గోడ మీద రాసి పెడితే చదివి, అక్కడే కూలబడ్డాడు. మైకు గదికి తాళం వేస్తే తలుపు బాదాడు. చెప్పకుండా వదిలేస్తే, జవాబు కోసం అర్ధరాత్రి దాకా అక్కడే కూర్చుని, "ఆ పిల్లకేమన్నా అయిందా?" అని అడిగాడు. ఎలా చేసినా చెప్పక తప్పలేదు. హైమ చిక్కి సగమైంది. కాత్యాయని చావును తన నోటితో రోజుకొకసారి చెప్పీ చెప్పీ, ఒక సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుండిపోయింది.

లోపల ఓబులేసు తల దువ్వుకుంటున్నాడు. సుంకమ్మ పొయ్యి ఆర్పి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చింది.

"ఈ పొద్దు నేను చెప్తా," అంది. "నువ్వు కూచో."

"మీరెందుకత్తమ్మా..."

"తలుపు తీసింది నేను. చెప్పాల్సింది కూడా నేనే."

హైమ తల ఎత్తి ఆమెను చూసింది. ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర చూసినట్టే సుంకమ్మ ఆమె మొహంలోకి చూస్తోంది. ఇన్ని నెలల్లో ఆవిడ ఆ మాట ఎత్తలేదు. కొడుకు దగ్గర గాని, డైరెక్టరు దగ్గర గాని కోడలి పేరు చెప్పలేదు.

"మీరొక్కరే తీయలేదత్తమ్మా," అంది హైమ.

"తెలుసు మ్మే," అంది సుంకమ్మ. "నాకు తెలీదనుకున్యావా?"

ఓబులేసు చెప్పులేసుకుని వాకిట్లోకి వచ్చాడు. నవ్వు మొహం. "ఇద్దరూ వస్తారా ఏంది ఈ పొద్దు?"

"వస్తాంలే నాయనా. నడువు," అంది సుంకమ్మ. వంగి కోడలి చెయ్యి పట్టుకుని పైకి లేపింది. ముగ్గురూ గుట్ట వైపు బాట పట్టారు. అతను ముందు నడుస్తూ ఆ రోజు కాత్యాయనికి ఏం ముచ్చట చెప్పాలో ఆలోచించుకుంటున్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా, ముందు ఎవరు నోరు తెరవాలో ఇంకా తేల్చుకోకుండానే, అతని వెంట నడిచారు.